బారసాల నుంచి షష్టిపూర్తి దాకా: వేడుకకో కాగితం

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

మనవాళ్లకి ముందుచూపు లేదని తరచూ అంటుంటారు. నేను ఒప్పుకోను. బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు ఏం చేయాలి, ఆరో నెలలో ఏం చేయాలి, బడికి వెళ్లే ముందు ఏం చేయాలి, అరవయ్యో ఏట ఏం చేయాలి, అన్నీ మన ఇళ్లలో ఏనాడో ఖాయమై ఉన్నాయి. బారసాలకి ఎంతమంది వస్తారో, విస్తళ్లు ఎన్ని కావాలో లెక్క ఉంటుంది. అదే రోజుల్లో ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితం మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. అందుకని మీకు కొత్త పట్టిక ఏదీ ఇవ్వబోవడం లేదు. ఉన్న వేడుకలకే ఒక్కో పని తగిలిద్దాం.

బారసాల దగ్గరే చూడండి. జనన, మరణాల నమోదు చట్టం 1969 నాటిది. దాని ప్రకారం పుట్టుకను నమోదు చేయించే గడువు 21 రోజులు. మన బారసాల లెక్క, సర్కారు లెక్క ఒకే రోజున కలిశాయి. ఆసుపత్రిలో పుడితే వాళ్లే మున్సిపాలిటీకో పంచాయతీకో పంపుతారు, మీరు చూసుకోవాల్సింది పంపారా లేదా, ఏ స్పెల్లింగుతో పంపారు అన్నది. 21 దాటి 30 రోజుల లోపైతే ఆలస్య రుసుము కడితే సరిపోతుంది. నెల దాటితే అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్లాలి.

ఆసుపత్రి వాళ్లు పంపేటప్పటికి బిడ్డకి పేరు పెట్టి ఉండరు కదా. కాబట్టి సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగా ఉంటుంది. చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆ ఖాళీలో పేరు చేర్చడానికి 12 నెలల దాకా రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేరుస్తారు. చేర్చిన పేరు మార్చుకోవడం మాత్రం అంత తేలిక కాదు. బియ్యంలో పేరు రాసిన వారంలోపే వెళ్లి చేర్పించండి. ఇంతకుముందు పదో తరగతి మెమో చూపిస్తే పుట్టినతేదీకి రుజువుగా చెల్లేది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేరడం, ఓటు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, సర్కారు ఉద్యోగం, చివరికి పెళ్లి నమోదు దాకా పుట్టినతేదీకి జనన ధ్రువీకరణ పత్రం ఒక్కటే ఆధారమని చట్టం సవరించారు. అంటే ఇక ఆ ఒక్క కాగితంలో తప్పు పడితే పాతికేళ్లు వెంటాడుతుంది.

ఇప్పుడు మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన తలనొప్పి దగ్గరికి వద్దాం: ఇంటిపేరు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. పైగా ఇంటిపేరుని ఒక అక్షరంగా కుదించేస్తాం. ఒక అమ్మాయిని ఊహించుకోండి. బర్త్ సర్టిఫికెట్‌లో "సాయి కీర్తన", ఆధార్‌లో "పి సాయి కీర్తన", బడి రిజిస్టర్లో "పి. సాయికీర్తన" అని కలిపి, పాన్‌లో "సాయి కీర్తన పోలిశెట్టి". మనిషి ఒకటే. కంప్యూటరుకి మాత్రం నలుగురు. పీఎఫ్ (ఉద్యోగుల భవిష్యనిధి) క్లెయిములో గానీ, బ్యాంకు ఖాతాదారుల వివరాలు సరిచూసే కేవైసీలో గానీ ఒక్క ఖాళీ, ఒక్క చుక్క తేడా వచ్చినా వెనక్కి కొడుతుంది.

పాస్‌పోర్టు దగ్గర ఇది ముదురుతుంది. అక్కడ రెండు గడులు ఉంటాయి, ఇంటిపేరుకి ఒకటి, పెట్టిన పేరుకి ఒకటి. మెమోలో ఉన్నట్టే ఉండాలని పేరంతా ఒకే గడిలో రాసి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసేవాళ్లు చాలామంది. అమెరికా వీసా వచ్చేసరికి ఆ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోతుంది, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్‌ఎన్‌యూ" అని మూడక్షరాలు పడతాయి. మొదటి పేరు తెలియదు అని దానికి అర్థం. అక్కడి డ్రైవింగ్ లైసెన్సు మీదా, బ్యాంకులోనూ అదే పేరవుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మన పిల్లల్ని "ఫ్నూ" అని పిలిచేది ఇందుకే. (నవ్వులు)

కాబట్టి మొదటి సర్టిఫికెట్‌లోనే ఇంటిపేరు పూర్తిగా, ఏ అక్షరాలతో రాయాలో ఇంట్లో కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. ఇంగ్లిషు స్పెల్లింగు ఒకటే. న్యూమరాలజీ కోసం అదనపు అక్షరాలు చేర్చేదీ అప్పుడే చేర్చండి, పెళ్లీడుకొచ్చాక కాదు. తల్లి పేరు, తండ్రి పేరు కూడా వాళ్ల ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే.

అన్నప్రాశన నాటికి రెండు చిన్న పనులు. చాలా ఫ్యామిలీ ఆరోగ్య బీమా పాలసీల్లో బిడ్డకి 90 రోజులు నిండాక పేరు చేర్చుకుంటారు, మనం చెబితేనే చేరుస్తారు. ఉద్యోగం చేసే కంపెనీ బీమా అయితే పుట్టిన కొద్దిరోజుల్లోనే హెచ్‌ఆర్‌కి తెలపాలి, గడువు దాటితే మళ్లీ రెన్యువల్ దాకా ఆగాల్సిందే. రెండోది బాల ఆధార్. ఐదేళ్ల లోపు వేలిముద్రలు తీసుకోరు. ఐదేళ్లు నిండాక ఒకసారి, పదిహేను నిండాక ఒకసారి వేలిముద్రలు, కనుపాప అప్‌డేట్ చేయించాలి. ఇది మరిచిపోయిన పిల్లల ఆధార్ సరిగ్గా ఎంట్రన్స్ పరీక్షల దరఖాస్తు రోజుల్లో పనిచేయకుండా పోతుంది.

ఆడపిల్ల ఉన్న ఇంట్లో, ఆమె పేరు మీద డబ్బు దాచే సర్కారు పథకం సుకన్య సమృద్ధి గురించి ఎంతమందికి తెలుసు? చాలా చేతులు లేచాయి. ఖాతా ఎప్పుడు మెచ్యూర్ అవుతుంది? ... చూశారా, అందరూ "అమ్మాయికి ఇరవై ఒక్క ఏళ్లు వచ్చాక" అంటున్నారు. కాదండీ. ఖాతా తెరిచిన తేదీ నుంచి 21 ఏళ్లు. పాపకి ఏడాది ఉన్నప్పుడు తెరిస్తే ఇరవై రెండో ఏట చేతికొస్తుంది. పదేళ్లు నిండకముందు తెరవాలి కదా అని తొమ్మిదో ఏట తెరిస్తే ముప్పయ్యో ఏట. డబ్బు కట్టేది మాత్రం మొదటి 15 ఏళ్లే. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర. ఒక ఏడాది కట్టకపోతే ఖాతా ఆగుతుంది, ఏడాదికి 50 రూపాయల జరిమానాతో మళ్లీ కదిలించుకోవచ్చు. చదువుకైతే పదో తరగతి పాసయ్యాకో 18 నిండాకో, వెనకటి ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు. పెళ్లికైతే 18 నిండి ఉండాలి, పెళ్లికి నెల ముందు నుంచి పెళ్లయిన మూడు నెలల లోపు దరఖాస్తు చేసి మూసేయవచ్చు. మూడు నెలలు దాటాక వెళ్లి పెళ్లి ఖర్చని అడిగితే ఇవ్వరు. ఇంకొకటి, తాతయ్యలు, అమ్మమ్మలు ముచ్చటపడి తమ పేరు మీద సంరక్షకులుగా తెరిచిన ఖాతాలు ఉన్నాయి. తల్లో తండ్రో ఉండగా అది చెల్లదు, వాళ్ల పేరుకి మార్పించండి.

అక్షరాభ్యాసం. పలక మీద "ఓం నమః శివాయ" దిద్దించే రోజునే చదువు ఖర్చు లెక్క కూడా దిద్దుదాం. ఇవాళ మొత్తం పది లక్షలయ్యే కోర్సు అనుకోండి. ఫీజులు ఏటా 8 శాతం పెరిగితే 15 ఏళ్లకి అదే కోర్సు 31 లక్షల 70 వేలు. మనం పెట్టే డబ్బు మీద ఏటా 10 శాతం వస్తుందనుకుంటే, ఇవాళ మొదలుపెడితే నెలకి సుమారు 7,650 రూపాయలు చాలు. పిల్లాడు బడికి అలవాటు పడనీ అని ఐదేళ్లు ఆగి మొదలుపెడితే నెలకి 15,500 దగ్గర కావాలి. ఆగింది ఐదేళ్లే, వాయిదా రెట్టింపు. ఆ 10 శాతం కూడా ఎవరూ రాసిచ్చే హామీ కాదు, కోర్సుకి మూడేళ్ల ముందు నుంచి ఆ డబ్బుని షేర్లకి సంబంధించిన ఫండ్ల నుంచి కొంచెం కొంచెం డిపాజిట్లలోకి మార్చుకుంటూ రావాలి. చివరి ఏడాది మార్కెట్ పడిందని కాలేజీ ఫీజు గడువు పెంచదు.

ఓణీల ఫంక్షన్, పంచెకట్టు. వీటి గురించి ఎక్కువ చెప్పను. ఎవరి సరదా వాళ్లది. ఒక్కటే అడుగుతాను, ఆ ఫంక్షన్ కోసం చిట్టీ ఎత్తారా, దాని మిగతా వాయిదాలు సరిగ్గా ఇంటర్ ఫీజుల రెండేళ్ల మీద పడుతున్నాయా? క్యాలెండర్లో రెండూ పక్కపక్కన రాసి చూడండి.

దానికంటే ముఖ్యమైంది పదో తరగతి నామినల్ రోల్స్. పరీక్షలకి కొన్ని నెలల ముందు బడి నుంచి పిల్లల పేర్లు, పుట్టినతేదీలు పరీక్షల విభాగానికి పంపుతారు. ఆ జాబితా ప్రింటు అడిగి, బర్త్ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి. ఆ రోజు హెడ్మాస్టర్ గారి బల్ల దగ్గర ఐదు నిమిషాల పని. మెమో ప్రింటయ్యాక అదే పనికి హెడ్మాస్టర్, డీఈఓ (జిల్లా విద్యాధికారి), పరీక్షల డైరెక్టర్ ఆఫీసు, ఇలా మెట్లన్నీ ఎక్కాలి. పుట్టినతేదీ అయితే ఎక్కినా దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఏ తరగతి ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు కూడా బడి మారిన ప్రతిసారీ తీసుకోండి. ఉద్యోగాల్లో స్థానికతకి, అంటే ఏ ప్రాంతం వాళ్లుగా లెక్కిస్తారో దానికి, ఉమ్మడి రాష్ట్రంలో 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 4 నుంచి 10వ తరగతి చూసేవాళ్లు, తెలంగాణలో 2018 ఉత్తర్వుతో అది 1 నుంచి 7వ తరగతి అయింది. రెండో తరగతి చదివిన చిన్న ప్రైవేటు బడి ఇరవై ఏళ్ల తర్వాత ఉంటుందో ఉండదో!

పద్దెనిమిది నిండడం. దీనికి మనకి వేడుక లేదు, అందుకే అందరూ మరిచిపోయేదీ ఇదే. ఆ రోజు నుంచి పిల్లల పేరు మీద మీరు నడిపిన ఖాతా మీ చేతిలో ఉండదు. మైనర్ బ్యాంకు ఖాతాకి కొత్త సంతకం, కొత్త కేవైసీ ఇచ్చేదాకా లావాదేవీలు ఆపేస్తారు. మ్యూచువల్ ఫండ్లో మైనర్ నుంచి మేజర్‌గా మార్పించేదాకా వాయిదా కట్టనివ్వరు, డబ్బు తీయనివ్వరు. మైనర్‌గా తీసుకున్న పాన్ మీద ఫొటో, సంతకం ఉండవు, వాటి కోసం మళ్లీ దరఖాస్తు చేయాలి. ఇదంతా ఎప్పుడొస్తుంది? ఇంటర్ అయిపోయి ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, కౌన్సెలింగ్ నడుస్తూ, ఫీజు కట్టాల్సిన రోజుల్లో. పదమూడేళ్లు దాచిన డబ్బు ఉండి కూడా ఫీజుకి చేబదులు తేవాల్సి వస్తుంది. పుట్టినరోజుకి రెండు నెలల ముందే పాన్ కాగితాలు, బ్యాంకు ఫారం సిద్ధం చేసి పెట్టండి. కౌన్సెలింగ్‌కే కులం, ఆదాయం పత్రాలు కూడా కావాలి. రిజర్వేషన్ లేని వర్గాల్లోని పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రమైతే ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది, పాతది పనికిరాదు.

పెళ్లి. శుభలేఖ ప్రూఫు చూసేటప్పుడు ముహూర్తం, వంశవృక్షం జాగ్రత్తగా చూస్తాం. పెళ్లికూతురి పేరు ఆధార్‌లో ఉన్నట్టు ఉందా అని చూడం. "చి.ల.సౌ. చిన్ని" అని ముద్దుపేరు వేస్తే పెళ్లి నమోదు దగ్గర ఆ శుభలేఖే అడ్డం తిరుగుతుంది, ఎందుకంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగే కాగితాల్లో అదొకటి. శుభలేఖ, తాళి కడుతున్న ఫొటో, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, సాక్షులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. చుట్టాలు ఊళ్లో ఉన్న వారంలోనే సాక్షులు దొరుకుతారు, ఆ వారమే వెళ్లండి.

అమ్మాయి ఇంటిపేరు మార్చుకోవాలా అని అడుగుతుంటారు. చట్టం మార్చుకోమనలేదు. నా సలహా, మార్చుకుంటే అన్నిచోట్లా మార్చుకోండి, లేదంటే ఎక్కడా వద్దు. ఆధార్‌లో అత్తింటి పేరు, పాన్‌లో పుట్టింటి పేరు, అదే అన్నిటికన్నా చెడ్డ స్థితి.

(సభలో నుంచి ఒక మహిళ: "సార్, మావాడు ఉద్యోగంలో చేరినప్పుడు పీఎఫ్‌లో నా పేరే నామినీగా పెట్టాడు. ఇప్పుడు పెళ్లయింది. అదలాగే ఉంటుందా?")

ఉండదమ్మా. మంచి ప్రశ్న. పీఎఫ్ నిబంధనల్లో స్పష్టంగా ఉంది, పెళ్లికి ముందు ఇచ్చిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. కొత్తది ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏదైనా జరిగినప్పుడు ఇంట్లోవాళ్లు వారసులమని నిరూపించుకుంటూ తిరగాలి. ఆన్‌లైన్లో ఈ-నామినేషన్ ఇస్తారు కదా, అందులో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పేర్లు, ఫొటోలు, వాటాలు అన్నీ నింపి సేవ్ కొట్టి లేచిపోతారు. చివర ఆధార్ ఓటీపీతో ఈ-సైన్ చేసేదాకా అది పెండింగే, ఇచ్చినట్టు కాదు. మీవాడిని ఇవాళే తెరిచి చూడమనండి.

పెళ్లయిన కొత్తల్లో తీసుకునే జీవితబీమా గురించి కూడా ఒకమాట. వ్యాపారం చేసేవాళ్లు, అప్పులున్నవాళ్లు వివాహిత మహిళల ఆస్తి చట్టం, 1874 నాటిది, దాని కింద పాలసీ తీసుకోవచ్చు. భార్యాపిల్లల పేరు మీద ట్రస్టులాగా ఉంటుంది, అప్పులవాళ్లు ఆ డబ్బు మీద చేయి వేయలేరు. కానీ పాలసీ తీసుకునేటప్పుడే ఆ మాట రాయించాలి, తర్వాత కుదరదు.

గృహప్రవేశం. పాలు పొంగించే ముందు ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) అందరూ చూస్తారు, అది చెప్పను. రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ (రికార్డుల్లో యజమాని పేరు మార్పు) అయిందా, ఇంటిపన్ను మీ పేరు మీదకి వచ్చిందా అన్నది వదిలేస్తారు. బ్యాంకుకి ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు ఏ డాక్యుమెంట్ ఎన్ని పేజీలో రాసిన జాబితా మీద స్టాంపు వేయించుకోండి. అప్పు తీరాక 30 రోజుల్లో కాగితాలు తిరిగి ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మీకు కట్టాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2023 డిసెంబరు నుంచి. చేతికొచ్చాక కూడా పని అయిపోలేదు. తనఖా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదై ఉంటే తనఖా విడుదల పత్రం, అదే రిలీజ్ డీడ్, కూడా నమోదు చేయించాలి. లేకపోతే పదిహేనేళ్ల తర్వాత అమ్మబోయినప్పుడు ఈసీలో ఆ అప్పు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

షష్టిపూర్తి దాకా వచ్చాం. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు ఉద్యోగుల విరమణ 62కి, తెలంగాణలో 61కి. పింఛను కాగితాలు ఆగేది ఎక్కువగా సర్వీసు రిజిస్టర్ దగ్గరే. భార్య పేరు, పుట్టినతేదీ అందులో ఒకలాగా, ఆధార్‌లో ఇంకోలాగా ఉంటాయి. రిటైరయ్యే ఏడాది కాదు, రెండేళ్ల ముందు చూసుకోండి. మీ తర్వాత కుటుంబ పింఛను తీసుకోవాల్సింది ఆవిడే.

వచ్చిన డబ్బులో కొంత సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో పెట్టుకోవచ్చు, 30 లక్షల దాకా, ఐదేళ్లకి, మూడు నెలలకోసారి వడ్డీ. అరవై దాటితే ఎప్పుడైనా. 55 దాటి ముందే రిటైరైనవాళ్లైతే డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు చేరాలి. అమ్మాయి పెళ్లప్పుడు చేసిన అప్పు, అబ్బాయి ఇంటి డౌన్ పేమెంటు, రెండూ ఈ డబ్బు కోసమే కాచుకుని ఉంటాయి, నాకు తెలుసు. ముందు మీ పదేళ్ల ఇంటి ఖర్చు, మందుల ఖర్చు పక్కన పెట్టి, మిగిలింది ఇవ్వండి. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఏటా 5 లక్షల దాకా వైద్యం ఉంది, కార్డు తీసుకున్నారా?

వీలునామా అనగానే అపశకునం అంటారు. షష్టిపూర్తికి దంపతులకి మళ్లీ పెళ్లి చేస్తాం కదా, ఆ వారంలోనే రాసేయండి, శుభమే. వీలునామా లేకుండా హిందూ పురుషుడు పోతే ఆయన సొంత ఆస్తి భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, బతికుంటే తల్లికి కూడా సమాన వాటాలు. తల్లి మొదటి వరుసలో ఉంది, తండ్రి లేడు. చాలామందికి ఇది వింటే ఆశ్చర్యం. ఇక ఉమ్మడి ఆస్తిలో కూతురి వాటా సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి ఇచ్చారు, 2005లో దేశమంతటా అందరు కూతుళ్లకీ వచ్చింది. "కట్నం ఇచ్చేశాం కదా" అన్నమాట కోర్టులో చెల్లదు.

నామినీకీ వారసుడికీ తేడా తెలియక ఇళ్లు విడిపోతున్నాయి. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, అంతే. పంచాల్సింది వారసులకి. 1983లో సుప్రీంకోర్టు బీమా విషయంలో ఈ మాటే చెప్పింది. 2015లో బీమా చట్టం మార్చి, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే అన్నారు. అది బీమాకే. బ్యాంకు డిపాజిట్లకి పాత సూత్రమే. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీల్ని పెట్టుకోవచ్చు, డిపాజిట్లకైతే ఎవరికెంత శాతమో రాయచ్చు, లాకరుకి మాత్రం ఒకరి తర్వాత ఒకరే.

(ఒక పెద్దాయన: "వీలునామా రిజిస్టర్ చేయించకపోతే చెల్లదా?")

చెల్లుతుందండీ. తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది, స్టాంపు అక్కర్లేదు. కానీ మీరు సంతకం చేయడం ఇద్దరు సాక్షులు చూసి, మీ ఎదుట వాళ్లు సంతకం పెట్టాలి. ఎక్కువ వీలునామాలు కోర్టులో పడిపోయేది ఇక్కడే, కాగితం ముందు ఒకరికి, వారం తర్వాత ఇంకొకరికి పంపి సంతకాలు తెప్పిస్తారు. సాక్షులు మీకంటే చిన్నవాళ్లైతే మంచిది, రేపు కోర్టుకొచ్చి చెప్పాల్సింది వాళ్లే. ఆస్తి వచ్చేవాళ్లని సాక్షిగా పెట్టకండి, అనుమానాలకి తావివ్వడం ఎందుకు? రిజిస్టర్ చేయిస్తే కాగితం పోయిందనే భయం, ఫోర్జరీ అనే మాట తగ్గుతాయి, అందుకే చేయించమంటాను. మనసు మారితే మళ్లీ రాయచ్చు, చివరిదే చెల్లుతుంది. అందుకని ప్రతి దాని మీదా తేదీ వేయండి, ముందువన్నీ రద్దు అని ఒక వాక్యం రాయండి.

చివరిగా, మనం మాట్లాడుకోవడానికి ఇష్టపడని పన్నెండు రోజులు. మరణ నమోదుకీ గడువు 21 రోజులే. ఇంట్లో పోతే శ్మశానవాటిక రసీదు పారేయకండి, నమోదుకి అది అడుగుతారు. డెత్ సర్టిఫికెట్ పది కాపీలు తీసుకోండి, బ్యాంకుకొకటి, బీమాకొకటి, కరెంటు మీటరుకొకటి పోతూనే ఉంటాయి. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టండి, అందులో పెళ్లయిన కూతుళ్ల పేర్లు వదిలేయకండి, వదిలేస్తే అది తర్వాత కేసవుతుంది. పోయినవారి ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి, ఆ తర్వాత పడిన పింఛను వెనక్కి కట్టాల్సి వస్తుంది. ఉద్యోగంలో ఉండగా పోయినవాళ్లకి పీఎఫ్ కోసం ఫారం 20, పింఛనుకి 10డీ ఇచ్చి ఊరుకుంటున్నారు. 5ఐఎఫ్ అని ఇంకొకటుంది, అది ఈడీఎల్‌ఐకి, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగి జీవితబీమాకి. జీతాన్ని బట్టి గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది, దానికి మన జీతంలోంచి ఒక్క రూపాయి కోసుకోరు కాబట్టి పే స్లిప్పులో కనపడదు, అందుకే ఎవరికీ గుర్తుండదు. మూడు ఫారాలూ వెనక బల్ల మీద ఉన్నాయి, పేర్లు నింపిన నమూనాలతో సహా. టీ తాగేలోపు తీసుకోండి, తర్వాత ఒక్కొక్కరి కాగితాలు చూద్దాం.